పేరు లేని ఆదాయం

“చేతికి వచ్చిన డబ్బు కూడా రాయండి బాబూ,” అంది ఆమె.

లెక్కలాయన కలం ఆగిపోయింది.

పన్నుల సీజనులో ఆయన గదికి వచ్చేవాళ్ళంతా చేతికి వచ్చింది దాచమని బతిమాలేవాళ్ళే. దాచకండి మహాప్రభో అని అడిగిన మనిషిని చూడడం ఆయనకు అదే మొదలు.

ఆ వీధిలో అందరూ ఆయన్ని లెక్కలాయన అనే అంటారు. చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్ళ రిటర్నులు నింపి పంపడం ఆయన బతుకుతెరువు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే సీజను వచ్చిందంటే ఊపిరి సలపదు, నోటికి అదుపుండదు. ఆ పూట కూడా గుమ్మం దగ్గర బెంచీ నిండా జనం.

ఆమె ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డ ముసలివాళ్ళకు తలస్నానం చేయిస్తుంది. చిక్కులు తీసి జడలు వేస్తుంది, గోళ్ళు తీస్తుంది. ఒళ్ళో సంచీ, దాని మూతికి ఆకుపచ్చ గుడ్డపీలిక.

మిగతా ఇళ్ళవాళ్ళు బ్యాంకులో వేస్తారట. ఒక్క పెద్దావిడ మాత్రం వారం వారం చేతిలో పెట్టేదట.

రాస్తే పన్ను పెరుగుతుంది, నిన్నెవరడిగారమ్మా అన్నాడు లెక్కలాయన.

పెరిగితే కడతానంది. ఆమె ఉంటున్న ఇల్లు పడగొడుతున్నారట. కొత్త గది ఇచ్చేవాళ్ళు రిటర్నులో ఆదాయం ఇంత కనపడాలి అంటున్నారట. పెద్దావిడ ఇచ్చింది కలిస్తేగాని అంత కాదు. కలవకపోతే ఈ సంచీ పట్టుకుని రోడ్డు మీద నిలబడాలి.

“సరే, ఎవరావిడ? పేరు చెప్పు.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

పేరు లేని డబ్బు రాయనన్నాడు. నిజానికి ఫారంలో ఆ పేరుకు గడే లేదు. అప్పుడెప్పుడో ఎవడో దొంగలెక్క చెప్పి ఆయన్ని ఇరికించాడు, అప్పట్నుంచీ ఇది ఆయన సొంత చట్టం.

“చెప్పనని మాటిచ్చాను బాబూ. అన్నీ నేనే చేసుకుంటున్నానని వాళ్ళబ్బాయితో చెప్పేది ఆవిడ. మనిషిని పెట్టుకుందని తెలిస్తే పని మానుకుని పరిగెత్తుకొస్తాడని బెంగ.”

ఆవిడనే అడిగి రమ్మన్నాడు. ఆవిడ పోయారంది.

“పోయినావిడకి ఇంకా మాటేమిటమ్మా?”

“ఉండి ఉంటే నా మాట నాకు తిరిగిచ్చెయ్యమని అడిగేదాన్ని. ఇప్పుడెవర్ని అడగను?”

లెక్కలాయనకు చిర్రెత్తుకొచ్చింది.

“కన్నతల్లికి తల దువ్వే తీరిక లేకపోయిందా ఆ మహానుభావుడికి? అలాంటివాడు బాధపడతాడని నువ్వు నీడ పోగొట్టుకుంటావా?”

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఆయన మొహంలోకి కాసేపు చూసింది.

“ఆవిడకి ఆ అబ్బాయంటే ప్రాణం బాబూ,” అంది.

లెక్కలాయన ఆ డబ్బు రాయాల్సిన గడి కొట్టేశాడు. మిగతాది నింపి, సంతకం పెట్టించుకుని పంపేశాడు. ఫీజు కూడా తీసుకున్నాడు.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. గది ఇవ్వలేమన్నారట. దిద్ది పంపే దారి ఏమైనా ఉందా అని అడిగింది. దారి ఉంది. పేరు తెస్తే చూద్దామని చెప్పి, తరవాతి మనిషిని పిలిచాడు. సంచీ భుజానికి తగిలించుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సీజను అయిపోయింది. లెక్కలాయన అమ్మ ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళాడు.

సీజను మొదట్లోనే అమ్మ పోయింది. బతికున్నన్నాళ్ళూ ఆదివారం ఫోను చేస్తే “నాకేం, గుండ్రాయిలా ఉన్నాను, నీ పని చూసుకో” అనేది. ఆయన నమ్మాడు. నమ్మడమే సుఖంగా ఉండేది. ఆఖరికి ఆసుపత్రిలో చూసినప్పుడు తెల్లజుట్టు శుభ్రంగా రెండు జడలేసి ఉంది. నర్సులు ఎంత బాగా చూస్తున్నారో అనుకున్నాడు.

అమ్మ గదిలో అద్దం కింద సొరుగు లాగాడు. దువ్వెన పక్కన ఆకుపచ్చ గుడ్డపీలికలు చుట్టచుట్టి ఉన్నాయి.

ఆమె సంచీ మూతికి ఉన్నలాంటి ఆ పీలిక ఒకటి పట్టుకుని ఎదురింటికి వెళ్ళాడు.

ఎదురింటి పిన్నిగారు అప్పుడు చెప్పింది. మీ అమ్మ ఆఖరి ఏడాదంతా లేవలేదు నాయనా, ఆ తలలు దువ్వే ఆమె లేకపోతే ఏమైపోయేదో అంది. ఆసుపత్రికి వెళ్ళి జడలేసింది కూడా ఆమేనట. ఆదాయం కాగితానికి మావాడి దగ్గరికే వెళ్ళు, చాలా నిఖార్సయిన మనిషి, నా సంగతి మాత్రం చెప్పకు అని పంపింది మీ అమ్మేనట.

ఆమె ఎక్కడుందో తెలుసా అని అడిగాడు లెక్కలాయన. ఉన్న గూడు పోయిందని చెప్పుకుని వెళ్ళిందనీ, ఎక్కడికో చెప్పలేదనీ అంది పిన్నిగారు.

రిటర్నులో తన చేత్తో రాసిన చిరునామాకు పరుగెత్తాడు. అక్కడ ఇటుకల గుట్ట ఉంది. చుట్టుపక్కల ఎవర్నడిగినా తెలియదన్నారు. తిరగని వీధి లేదు. ఎక్కడని వెతుకుతాడు? ఆమె పేరు చెప్పి అడిగితే ఎవరూ పోల్చుకోలేదు, ముసలివాళ్ళకు తల దువ్వే ఆమె అంటే ఓహో ఆమెనా అన్నారు, అంతే.

చీకటి పడేముందు మళ్ళీ అమ్మ ఇంటికి వచ్చి, మంచం తలవైపు జడలేసే మనిషి కూర్చునే ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

అక్కడ కూర్చుంటే ఎదురుగోడ మీద కంటికి ఆనేది ఒక్కటే, అమ్మ పెద్దది చేయించి పెట్టుకున్న లెక్కలాయన ఫొటో.