మూలన మనిషి

నా కథలో ఆవగింజంత అబద్ధం కూడా ఉండదు. కావాలంటే మదనపల్లెలో ఎవరినైనా అడగండి.

పట్టుదారం తీసే పని నేర్పే ఆన్‌లైన్ కోర్సుకు సైగల వీడియో జతచేసినామని, ఆ కోర్సు నడిపే చేతన్ సారు ఫోన్ పట్టుకుని ఇంటికే వచ్చేసరికి బషీరాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కూతురు సనాకు చెవులు వినబడవు. సోమవారం నుంచి ఆ పిల్ల పనిలో చేరాల.

"సూడమ్మా, మూలన సైగలు సేసే మనిషిని పెట్టినాము. పైవాళ్లకు పంపేదానికి ఫొటో తీసుకుందామా?"

తెరమీద పట్టుగూళ్లు కుతకుత ఉడుకుతాండాయి. "ఈ నీళ్లలో చెయ్యి పెట్టొద్దు" అని ఫోన్ గట్టిగా చెప్పింది. సనా ఇంకో నాలుగు పాఠాలు తిప్పి చూసి, చేదు మింగినట్టు మొహం పెట్టి, తల్లికి సైగ చేసింది.

"ఏమంటాండాది?" అన్నాడు సారు.

"అన్ని పాఠాల్లోనూ ఆ మనిషి 'రండి, రండి, స్వాగతం' అనే అంటాండాడంట సార్."

"ఒకే ముక్క అన్నిటికీ అతికించినాం లేమ్మా. ఎవురికి తెలుస్తాది?"

బషీరా చెవిలో ఇందాక ఫోన్ చెప్పిన మాట ఇంకా మోగుతా ఉండాది.

"అయితే ఉడుకునీళ్లలోకి రమ్మంటిరా సార్ నా బిడ్డను? థూ!"

చేతన్ సారు సిగ్గుతో తలదించుకున్నాడు.

ఆ తలదించుకోవడం ఒక్కటీ నేను కల్పించిందే. ఆయప్ప నవ్వుతా ఫొటో తీసుకునే పోయినాడు.