పదిహేను కంప్రెషన్

మార్కాపురంలో ముస్తాక్ షెడ్డు ముందు శాంతయ్య లారీ ఇంజను విప్పి ఉంది. ఇంజనులోకి గాలిని నెట్టే పెద్ద టర్బో బిగించడం అయిపోయింది. పిస్టన్లే మిగిలాయి.

ముస్తాక్ రెండు రకాలు బల్ల మీద పెట్టాడు.

"ఇది పద్దెనిమిది కంప్రెషన్, శాంతయ్యన్నా. గాలిని గట్టిగా నొక్కుతాది. ఎంత చలైనా సెల్ఫ్ కొట్టంగానే స్టార్టు. ఇది పదిహేను. పెద్ద టర్బోని తట్టుకుంటాది గానీ, పొద్దున్నే సెల్ఫ్ గుర్రు గుర్రుమంటానే ఉంటాది."

"పదిహేనే ఎయ్యి భాయ్."

"టర్బో కొంచెం తగ్గించి పెడతాలే, పద్దెనిమిదే ఏయించుకో. పోయినేడు నేను ఏసినవి అయ్యే కదా! తాళం తిప్పంగానే స్టార్టు అయితాందని నువ్వే అందరికీ చెప్పినావు."

శాంతయ్య పిస్టన్ల వైపు చూడలేదు.

"తర్లుపాడు దగ్గర పలకరాళ్ల క్వారీలో కూలోళ్లు మంచుకి లారీ కిందనే పండుకుంటారు భాయ్. నువ్వు అయ్యి ఎయ్యకముందు ఈ బండి గుర్రు గుర్రుమని స్టార్టయ్యే లోపల ఆ సప్పుడుకే లేసి పక్కకు పోయేవోళ్లు. నేను కిందికి వంగి చూసే పనే ఉండేది కాదు."

లారీ టైరు మీద చెయ్యి పెట్టి అన్నాడు: "ఆపొద్దు తాళం తిప్పంగానే స్టార్టు అయింది. అలవాటు కొద్దీ కదిలించేసినా. కింద పండుకున్న మా తమ్ముడు ఇంకా లేయలేదు."

పోయిన చలికాలంలో ఆ తమ్ముడి సమాధిలో ముస్తాక్ కూడా పిడికెడు మట్టి వేసి వచ్చాడు. ఎట్ల జరిగిందని ఎవరినీ అడగలేదు.

బల్ల మీద పద్దెనిమిది పిస్టన్ మెరుస్తోంది. ముస్తాక్ దాని మీద నూనెగుడ్డ కప్పాడు.