చెదలు ముట్టని కర్ర

నిండు చూలాలు కృపావతి అరచేతుల మీది నల్లమచ్చలు చూసి, పాడేరు నుంచి వచ్చిన డాక్టరమ్మ గుమ్మం పక్కన పేర్చిన కర్రలకేసి తిరిగింది.

"ఇవెక్కడివి?"

"పాత వంతెన విప్పేసినప్పుడు తెచ్చినానమ్మా," అన్నాడు ధర్మ గొప్పగా. "ఎన్నేళ్లున్నా చెద ముట్టదు. బాలింతకి నిప్పు ఆరకూడదు గదా! తొలి కాన్పుకీ ఇవే మండించినాం."

"చెద పట్టకుండా వీటికి విషం ఎక్కించారు ధర్మా. ఆర్సెనిక్ అంటారు. కాలిస్తే పొగలో, బూడిదలో అదే ఉంటుంది. కడుపులో బిడ్డకీ, పసిగుడ్డుకీ మరీ ప్రమాదం."

కృపావతి మొగుడి వైపు చూసింది. "ఆ బూడిదేనా మన గుంట బొడ్డుకి అద్దినాం?"

ధర్మ ఆ కర్రలన్నీ మోసుకెళ్లి ఊరికి దూరంగా గొయ్యి తీసి పాతేశాడు. గోతిలో ఇంకొక్క కర్రకి చోటు ఉంచాడు.

అక్కడి నుంచి సమాధుల దిబ్బకి నడిచాడు. చుట్టూ శిలువలన్నీ చెదలు తిని ఒరిగిపోయాయి. పురిట్లోనే పోయిన తన పసిగుంట గుర్తు చెరిగిపోకూడదని ఆ వంతెన కర్రల్లోనే ఏరి ఏరి చేసిన శిలువ ఒక్కటే నిటారుగా ఉంది.

రెండు చేతులా పట్టి లాగాడు. అది కదల్లేదు.