గాలిగూడు

"పోచమ్మ మీద గడ్డపార ఎత్తితే చేతులు పడిపోతయ్ సారూ!"

బాలనర్సమ్మ గద్దెకు అడ్డంగా నిలబడింది. ఆమె వెనక దూలపల్లి ఆడవాళ్లు, నెత్తిన కొంగులు కప్పుకుని, జోరు వానలో.

"ఇది గద్దె కాదమ్మా, గాలిగూడు!" ఇంజినీరు నాగసాయి గొంతు చించుకున్నాడు. "కింద లోతైన బావి ఉంది. రోడ్ల మీది వాననీళ్లన్నీ అందులో పడి సొరంగంలోకి పోతాయి. నీళ్లతో పాటు గాలీ దిగుతుంది. అది బయటికి రావడానికే ఈ గూడు, ఈ జాలీలు. డిజైన్ చేసినవాణ్ణి నేను. మీరేమో జాలీలన్నీ సిమెంటుతో పూడ్చేశారు!"

"మరి అమ్మకు గోడలుండొద్దా?"

"అమ్మకు గోడలు కడితే గాలి ఎటు పోవాలి? అదిగో, పల్లంలో బస్‌స్టాప్! దాని కింద ఈ సొరంగం ఇనుప మూత ఉంది. గాలి దాన్ని ఎగరగొడుతుంది, మీద నిలబడ్డ మనుషులతో సహా! మనిషిని పంపాను. వానకు భయపడి ఒక్కరూ కదలడం లేదు!"

వెనక నుంచి మేస్త్రీ మల్లేష్ అన్నాడు, "సార్, గీ అమ్మవారి సంగతి మీకు..."

"నోర్ముయ్! నువ్వు కూడా మొదలుపెట్టకు. గడ్డపార ఇటివ్వు."

మల్లేష్ తలొంచుకుని ఇచ్చేశాడు.

"అసలిక్కడ దేవతను పెట్టిన దరిద్రుడెవడో దొరకనీ, జైల్లో తోయిస్తా!"

అప్పుడే పల్లంలో మూత టకటకా కొట్టుకోవడం మొదలైంది. బస్‌స్టాప్‌లో ఎవరో కెవ్వుమన్నారు.

బాలనర్సమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో, మా మనుమరాలు శృతి ఆడనే ఉన్నది!" గిర్రున తిరిగి గద్దెకు దండం పెట్టింది. "తప్పయింది తల్లీ, జర ఓర్సుకో. కొట్టు బిడ్డా, జల్దీ కొట్టు!"

నాగసాయి కసిగా పొడిచాడు. పసుపు పూసిన గోడ పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఒక్కసారిగా హోరుమంటూ గాలి తన్నుకొచ్చింది. బంతిపూలు, నిమ్మకాయలు, ప్రమిదలు ఎగిరిపడ్డాయి. పల్లంలో మూత చప్పుడు ఆగిపోయింది.

నాగసాయి కోపం మాత్రం ఆగలేదు. "ఇప్పుడు చెప్పండి! ఎవరు పెట్టారిక్కడ దేవతను?"

"మేం పెట్టలే సారూ," అంది బాలనర్సమ్మ. "అమ్మవారి బొమ్మ టైలు ముందుగాలనే ఉండె. తల్లి తడుస్తాందని మేం గుడి కట్టినం, గంతే."

"మరి టైలు ఎవడు అంటించాడు?"

మల్లేష్ బురదలోంచి పగిలిన టైలు ముక్క తీసి తుడిచాడు. "నేనే సార్. గదే చెప్పవోయిన. జాలీలల్ల చెత్త పోస్తున్నరు, దేవుని బొమ్మ ఉంటే ఎవ్వడు పొయ్యడని మీరే గద అంటియ్యమన్నది."

నాగసాయి చేతిలోంచి గడ్డపార జారింది. "ఇక్కడ... ఇక్కడొక్కచోటే కదా?"

"లే సార్. లైన్ పొడుగునా అన్ని గూళ్లకు అంటియ్యమన్నరు. పక్కన పేట్ బషీరాబాద్‌ల అయితే గూటి మీద స్లాబ్ గూడ ఏసిన్రు..." అని మల్లేష్ అంటుండగానే, అటువైపు నుంచి ఢామ్మని శబ్దం వచ్చింది.