ఆరో పాటలో తిట్లు

టీవీ సీరియల్‌లో నోరెత్తని కోడలిగా పేరు తెచ్చుకున్న జాయిస్ మొదటి ఆల్బమ్‌ను ఎవరూ పట్టించుకోలేదు. రెండో పాప్-రాక్ ఆల్బమ్ వచ్చిన వారానికే నందిగామ కాలేజీ అమ్మాయిలు ఆ పాటలు బస్సుల్లో పాడుకుంటున్నారు.

ఎవరో చెప్పేలోపు అమ్మకు తనే చెప్పాలని జాయిస్ జగ్గయ్యపేట వచ్చింది.

"అమ్మా, ఆరో పాటలో తిట్లు నీవే. వంటింట్లో నీకు తెలియకుండా రికార్డు చేసా."

చర్చిలో పాటల బృందం నడిపే తల్లి జయమణి కళ్లు మూసుకుని పాట వింది. గిటార్ల మధ్య ఆమె గొంతే ఖంగుమంటోంది: "గిన్నె కడగవు, గది ఊడ్చవు, స్టారువటే నువ్వు?"

జాయిస్ గబుక్కున పాట ఆపేసింది. "తీసేయమంటే తీసేస్తానమ్మా."

"ఎందుకే? శ్రుతి తప్పింది నువ్వు, నేను కాదు. ఆ రోజు నువ్వు ఫోన్ దాచటం చూసాకే మొదలుపెట్టా. లేకపోతే తాళం తప్పకుండా ఎవరు తిడతారే?"