రంపానికి అవతలి పిడి

“మా అన్నని చంపి, మా అన్న చొక్కానే తొడుక్కొస్తావురా!”

ఆస్పత్రి ఎమర్జెన్సీ గదిలో తమ్ముడు గిరవాటేసిన ఇనుప స్టూలు అన్న భుజాన్ని తాకుతూ పోయి మందుల బీరువా అద్దాన్ని భళ్లున పగలగొట్టింది. మతి చలించిన తమ్ముడికి తోడబుట్టినవాడే పరాయివాడైపోయాడు. అన్న కుడిచెయ్యి ప్యాంటు జేబులో దోపుకుని గోడకు ఆనుకున్నాడు.

తమ్ముడు గాజుపెంకు ఒకటి ఏరి తన మెడకే పెట్టుకున్నాడు. “దగ్గరికొస్తే కోసేసుకుంటా!”

ఇద్దరు వార్డుబాయిలున్నారు గానీ ఏం లాభం? ఒకడి ముక్కు అప్పటికే పగిలింది. రెండోవాడు మంచం వెనక నక్కాడు.

“ఏదో ఒకటి చెప్పి మాటల్లో పెట్టండి. ఒక్క నిమిషం దొరికితే చాలు,” అంది నర్సు, మత్తుసూది పట్టుకుని గుమ్మంలో నిలబడి.

అన్న ఏం చెబుతాడు? పొద్దుట్నుంచీ బతిమాలీ బతిమాలీ నోరు పిడచకట్టుకుపోయింది. అయినా అన్నదమ్ములిద్దరూ మాటల మనుషులా? కలప అడితిలో పెద్దరంపానికి చెరో పిడీ పట్టి దుంగలు కోసే మనుషులు.

“రంపం పట్టరా,” అంటూ అన్న ఎడమచెయ్యి చాపాడు.

“దొంగవెధవా! మా అన్న కుడిచేత్తో లాగుతాడు!”

పెంకు మొన మెడకు గుచ్చుకుంది. నెత్తురు చొక్కా మీదికి కారింది.

అన్న పళ్లు బిగించి కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. “ఇదిగో, లాగు.”

తమ్ముడు ఆ చేతిని ఎగాదిగా చూసి, ఖాళీగా ఉన్న చేత్తో అందుకున్నాడు. ఒంట్లో బలమంతా కూడదీసుకుని గుంజాడు.

“వదులు,” అంటూ అన్న తనవైపు లాక్కున్నాడు. “లాగు... వదులు... లాగు...”

వరస తప్పలేదు. అన్న ముఖమంతా చెమటలు పోశాయి గానీ గొంతు వణకలేదు. తమ్ముడు దుంగ ముందు నిలబడ్డట్టే ముందుకీ వెనక్కీ ఊగాడు. పెంకు చేతిలోంచి జారింది. నర్సు ఒక్క అంగలో వచ్చి సూది గుచ్చేసింది.

“ఎక్కడికెళ్లావ్ అన్నా, ఇంతసేపూ?” అంటూ తమ్ముడు అతని గుండెల మీదికి ఒరిగిపోయాడు.

అందరూ కలిసి అతన్ని మంచం మీద పడుకోబెట్టారు. నర్సు మెడకు కట్టు కట్టింది. “అమ్మయ్య, గాయం పైపైనే. మీకైతే గీత కూడా పడలేదు, అదృష్టవంతులు!”

“వాడు నిద్రపోయాడా, సిస్టర్?”

“మొద్దునిద్ర. ఇప్పట్లో లేవడు.”

“అయితే ఇప్పుడు నేను అరవొచ్చా? ఇందాక ఆ స్టూలు తగిలినప్పుడే నా కుడిభుజం ఎముక విరిగింది.”