పదిమంది నడిచిన దారి

హగరి ఏరు ఎండి, ఎర్రదిబ్బలు ఊళ్లను మింగేశాక, ఆ దిబ్బల్లో డేరా వేసుకుని తిరగడం జనానికి వేడుకైంది. దారి చెప్పడానికి చేతికి మాట్లాడే తెరకడియం ఉండనే ఉంది. ఎక్కువమంది నడిచిందే మంచిదారని దానికి నేర్పారు. ఆ దారిని తెరమీద వెలుగుగీతగా చూపిస్తుంది.

పొద్దున సంగటి వండుకు తిన్నాక ఓబులమ్మ మూడు పొయ్యిరాళ్లలో ఒకదాన్ని బోర్లా తోసింది. నిలబెట్టిన పొయ్యిని వదిలిపోతే అడవి మళ్లీ పిలుస్తుందని వాళ్లవ్వ మాట. డేరా చుట్టుకుని, దిబ్బల అంచున వదిలొచ్చిన బండి దగ్గరికి మొగుడూ పెళ్లాలు బయల్దేరారు.

ఎండ నడినెత్తికొచ్చింది. "ఏమయ్యా, మన బండి యాడుంది?" అంది ఓబులమ్మ.

"కడియం చూపిస్తాండాది కదమ్మే. గీత ఎంత లావుందో చూడు, ఊరంతా ఈడనే నడిచినారు," అన్నాడు కుళ్ళాయప్ప, నీళ్లసీసాలో ఆఖరిచుక్క నాలుకమీద దులుపుకుంటూ.

దిబ్బ మలుపులో ఎవరిదో పొయ్యి. మూడు రాళ్లూ నిలబడే ఉన్నాయి. పక్కన ఇసుకలో సగం పూడిన చెప్పు. తర్వాతి మలుపులో ఇంకో పొయ్యి, చిరిగిన డేరా గుడ్డ. మనిషి జాడ లేదు.

మూడో పొయ్యిలో ఒక రాయి బోర్లాపడి ఉంది. బూడిదలో సంగటి మాడు. ఓబులమ్మ కాళ్లు ఆగిపోయాయి.

"ఇది మన పొయ్యే! పొద్దున్నుంచి ఈడీడనే తిరుగుతాండాం. ఆ పొయ్యిలోళ్లూ ఇట్లే తిరిగింటారు. వాళ్లు తిరిగి తిరిగే ఈ గీత లావైందయ్యా!"

"సరైన దారిలోనే వెళ్తున్నారు," అంది కడియం తియ్యగా. తెరమీద గీత ఇంకాస్త లావైంది.